ముసురులో అడీనియం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

శ్రావణం వచ్చిందంటే ఈ శీర్షికకు అడీనియం ఉత్తరాలు పెరుగుతాయి. వేసవి అంతా గులాబీ, ఎరుపు రంగుల్లో పూసిన మొక్క వానలు పట్టగానే ఎందుకు కుంగిపోతోందన్నదే చాలామంది అడిగేది. ఒకే కోవకు చెందిన ఉత్తరాలను పక్కన పెట్టి, ఐదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, రెండేళ్ల క్రితం సంక్రాంతి సెలవుల్లో కడియపులంక వెళ్లినప్పుడు ముద్దపూల అడీనియం అంటుమొక్క ఒకటి కొని తెచ్చాను. రెండు వేసవులూ విరగబూసింది. మొక్క లావెక్కుతోంది కదా అని మొన్న జ్యేష్ఠంలో పెద్ద కుండీలోకి మార్చి, చేలో మట్టి, పశువుల గెత్తం సమానంగా కలిపి నింపాను. వానలు పడిన తర్వాత ఆకులు పసుపెక్కి రాలసాగాయి. నీరు చాలడం లేదేమోనని రోజూ ఒక చెంబెడు పోస్తున్నాను. ఇప్పుడు మొదలు నొక్కితే వేలు మెత్తగా దిగుతోంది. మొక్క బతుకుతుందా? నేను చేసిన పొరపాటేమిటి? (అమలాపురం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, ముందు చేయవలసిన పని చెబుతాను; కారణాలు తర్వాత చూద్దాం. ఈ సంచిక మీ చేతికి అందేసరికే ఆలస్యమై ఉండవచ్చు. అయినా పై కొమ్మలు గట్టిగా ఉన్నంతవరకు ఆశ వదులుకోనక్కరలేదు.

అడీనియం మొదలు మెత్తబడడానికి రెండు కారణాలున్నాయి, అవి ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకమైనవి. దాహంతో మెత్తబడిన మొదలు అన్ని వైపులా ఒకేలా సడలుతుంది, చర్మం ముడతలు పడుతుంది, కుండీలో మట్టి పొడిగా ఉంటుంది. రెండుసార్లు నీరు పోస్తే వారం తిరగకముందే మళ్లీ బిగుస్తుంది. కుళ్లుతో మెత్తబడినది అలా కాదు. ఒక పక్కనే బొటనవేలు దిగుతుంది, అక్కడ రంగు మారి ఉంటుంది, ఒక్కోసారి గోధుమరంగు నీరు చెమర్చి పుల్లని వాసన కొడుతుంది. రెండింటిలోనూ ఆకులు పసుపెక్కి రాలుతాయి కనుక, పైనుంచి చూసి దాహమేననుకుని నీరు పోస్తాం. మీ మొక్కకు జరిగింది అదే. తడిసిన మట్టిలో ఉన్న అడీనియం ఆకులు రాలుస్తుంటే అది నీళ్లు అడుగుతున్నట్టు కాదు, వేళ్లు అప్పటికే చచ్చిపోయాయన్నమాట.

ఇప్పుడు మొక్కను కుండీ నుంచి పెకలించి, వేళ్లకు అంటిన మట్టిని నీటితో కడిగేయండి. చాకును స్పిరిటుతో తుడిచి, మెత్తబడిన భాగాన్ని పలచని చెక్కలుగా కోసుకుంటూ వెళ్లండి. కోసిన చోట గోధుమరంగు చుక్కగానీ, చారగానీ కనిపించినంతసేపూ కుళ్లు లోపల ఉన్నట్టే. తరిగిన బంగాళాదుంపలా తెల్లగా, గట్టిగా, పాలు చిమ్మే కండ వచ్చేదాకా కోయాలి. జాలిపడి మచ్చ మిగిల్చారా, పది రోజుల్లో మళ్లీ అదే పని చేయవలసి వస్తుంది. చాకును ప్రతి కోతకూ తుడవడం మరిచిపోవద్దు. కారిన పాలను తడిగుడ్డతో అద్ది, గాయానికి కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజుతెగుళ్ల మందు పొడిని కొద్ది నీటితో ముద్దగా కలిపి పూసి, వాన జల్లు తగలని గాలి ఉన్న చోట వారం నుంచి పది రోజులు ఆరబెట్టండి. మన ముసురులో గాలిలోనే తడి ఉంటుంది కాబట్టి రోజూ కొంతసేపు ఫ్యాను కింద పెట్టినా తప్పు లేదు. గాయం ఎండి పెచ్చు కట్టిన తర్వాత పొడి మిశ్రమంలో నిలబెట్టి, ఒరగకుండా కర్రకు కట్టి, ఇంకో వారం నీరు పోయకుండా ఉంచండి. కొత్త చిగురు వచ్చి నిలిచిందంటే వేరు పట్టిందని అర్థం. ఒకవేళ కుళ్లు మొదలంతా పాకి అంటు కట్టిన చోటుకు దగ్గరైతే, మొదలును వదిలేసి, గట్టిగా ఉన్న కొమ్మలను మరో గింజమొక్కపై అంటు కట్టించుకుంటే మీ ముద్దపువ్వు రకం దక్కుతుంది.

ఇక కారణం. ఈ మొక్క సొంత ఊరు ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సహేలు ప్రాంతం, తూర్పు ఆఫ్రికా, అరేబియా ద్వీపకల్పపు రాతిగుట్టలు. యెమెన్‌లో దీన్ని చూసిన ఫోర్స్‌కాల్ అనే శాస్త్రవేత్త మన గన్నేరుకు దగ్గరదిగా గుర్తించి గన్నేరు జాతి పేరుతోనే వర్ణించగా, ఆయన మరణానంతరం 1775లో ఆ వర్ణన అచ్చయింది. తర్వాత 1819లో దీన్ని విడిగా అడీనియం అన్నారు. ఆ పేరు ఏడెన్ రేవు నుంచి వచ్చింది. నెలల తరబడి చినుకు పడని చోట బతకడానికి మొదలులో నీరు దాచుకునే ఏర్పాటు చేసుకున్న మొక్క ఇది. మీరు మురిసిపోయే ఆ లావుపాటి బోదె, నర్సరీలవారు కాడెక్స్ అనేది, దాని నీటితొట్టె. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే మన డెల్టాలో నిండిన తొట్టెను మళ్లీ నింపవలసిన పని లేదు.

వానకంటే ఎక్కువ చేటు చేసింది మీరు వాడిన మట్టి. వరి పండే మన నల్లమట్టి నీరు పట్టి ఉంచుతుంది, అందుకే అది వరికి మంచిది. కుండీలో అదే మట్టి రేణువుల మధ్య సందులన్నీ నీటితో నిండిపోయి, వేళ్లకు గాలి అందక అవి ఊపిరాడక చస్తాయి. చచ్చిన వేళ్లపై తడిలో పెరిగే పిథియం, ఫైటోఫ్తోరా వంటి తెగుళ్లు చేరి మొదలులోకి పాకుతాయి. చిన్న మొక్కకు పెద్ద కుండీ ఇవ్వడం వల్ల నష్టం ఇంకా పెరిగింది: వేరు చేరని చోట మట్టి వారాలపాటు ఆరదు. పైగా మార్చిన కాలం జ్యేష్ఠం. వేరు గాయాలు మానకముందే మృగశిర వానలు పడ్డాయి. కుండీ మార్చడానికి మనకు అనువైన సమయం శివరాత్రి దాటాక, మార్చిలో. అప్పుడు వేళ్లు కుదురుకోవడానికి మూడు నెలల ఎండ దొరుకుతుంది.

మిశ్రమానికి దేనికోసమూ దూరం పోనక్కరలేదు. జల్లెడ పట్టి సన్నరేణువు తీసేసి కడిగిన గోదావరి ముతక ఇసుక రెండు పాళ్లు, చింతగింజంత ఇటుక ముక్కలు ఒక పాలు, రైసు మిల్లు దగ్గర దొరికే కాల్చిన ఊక ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి, గుప్పెడు వేపపిండి వేస్తే సరిపోతుంది. కాల్చిన ఊక అంటే నల్లగా మసైనది. తెల్లని బూడిద అయినది వద్దు, అది తడిస్తే ముద్దకడుతుంది. కోనసీమలో కొబ్బరి పొట్టు చవకగా దొరుకుతుంది కదా అని చాలామంది అదే కుండీ నిండా పోస్తారు. అది తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పీల్చి ఉంచుతుంది కనుక అడీనియానికి నేను వాడను, ఆంథూరియానికైతే వాడతాను. మిశ్రమం కుదిరిందో లేదో చూడడానికి ఒక చెంబెడు నీరు పోయండి. పది లెక్కపెట్టేలోగా అడుగు రంధ్రం నుంచి ధార కట్టాలి. పైన మడుగులా నిలిస్తే మళ్లీ ఇసుక కలపాలి. కుండీ వెడల్పుగా, లోతు తక్కువగా ఉండే మట్టికుండీ అయితే మేలు, కింద రెండు ఇటుకలు పెట్టి ఎత్తితే ఇంకా మేలు.

నాలుగు రోజులకు మించి ముసురు పట్టినప్పుడు మొక్కను చూరు కిందకు జరపండి, అయితే చూరు అంచున మాత్రం పెట్టకండి. ఒక అక్టోబరులో వాయుగుండం వస్తోందని విని, నా ఆరు కుండీల్లో ఐదింటిని సన్‌షేడ్ కింద వరుసగా పెట్టి, పని అయిపోయిందనుకుని ఊరు వెళ్లాను. వారం తర్వాత తిరిగి వచ్చి చూస్తే సన్‌షేడ్ అంచు నుంచి కారిన ధార సరిగ్గా ఆ ఐదు మొదళ్ల మీదే పడుతోంది. ఆరుబయట వదిలేసిన ఆరోది మాత్రం బతికింది.

ప్రశ్న: పక్కింటివారి మొక్క నుంచి కొమ్మ తెచ్చి నాటాను. బాగా పెరిగి పూస్తోంది కానీ మూడేళ్లయినా మొదలు లావెక్కలేదు. ఇప్పుడు దానికి కొమ్ముల్లాంటి జంట కాయ ఒకటి వచ్చింది. ఆ గింజలు వేస్తే అదే పువ్వు వస్తుందా? (పాలకొల్లు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీరడిగిన రెండూ ఒకే విషయానికి చెందినవి. గింజ నుంచి మొలిచిన మొక్కకు పుట్టుకతోనే బీజదళాల కింది కాడ ఉబ్బి బోదె అవుతుంది. కొమ్మకు ఆ భాగం లేదు కనుక, దాని వేళ్లు ఏళ్లు గడిచాక కొంత లావెక్కినా, గుండ్రని మొదలు ఏర్పడదు. మరోవైపు, నర్సరీల్లో దొరికే రంగురంగుల రకాలు సంకరాలు కాబట్టి వాటి గింజ తల్లి పువ్వును అలాగే ఇవ్వదు. ఎర్ర పువ్వు కోరుకున్నవారికి వెలిసిన గులాబీ రంగు రావచ్చు, ఒక్కోసారి ఊహించనంత మంచిదీ రావచ్చు. మొదలు కోసం గింజమొక్క, పువ్వు కోసం కొమ్మ, రెండూ కావాలంటే అంటు: ధర ఎక్కువైనా అంటుమొక్కలే అమ్ముడుపోవడానికి కారణం ఇదే.

మీ కాయను పోగొట్టుకోకండి, ఎందుకంటే మన పెరళ్లలో ఈ పువ్వుకు తనంతట తాను కాయ పట్టడం తరచుగా జరిగేది కాదు. కాయ ముదరడానికి రెండు మూడు నెలలు పడుతుంది. గింజకు రెండు కొసలా పట్టులాంటి నూగు కుచ్చులు ఉంటాయి. పగిలిన మధ్యాహ్నమే అవి గాలికి ఎగిరి కాలువ దాటిపోతాయి. అందుకని ఇప్పుడే కాయ చుట్టూ దారం మూడు నాలుగు చోట్ల వదులుగా చుట్టి ఉంచండి. తాజా గింజను కుచ్చు తుంచి, ఇసుక ఎక్కువగా ఉన్న మిశ్రమంపై పడుకోబెట్టి పైన పలచగా ఇసుక చల్లితే, మూడు రోజుల నుంచి వారంలోపు చిక్కుడుగింజలా తల ఎత్తుతుంది. దాచిపెట్టిన పాత గింజ అంత నమ్మకంగా మొలవదు. మొలకలు నాలుగాకులు వేసేదాకా మాత్రం కొద్ది తడి ఉండాలి. ఎడారి మొక్క కదా అని మొలకను ఎండబెట్టేవారినీ చూశాను. ఏడాదికి అటూఇటుగా మొదటి మొగ్గ వస్తుంది. నచ్చని పువ్వు వచ్చిన మొక్కపై మీకు నచ్చిన రకాన్ని అంటు కట్టుకోండి, అప్పటికి దాని మొదలు మీ పాత మొక్క కంటే అందంగా ఉంటుంది.

ప్రశ్న: మా అడీనియం ఆకులు నిగనిగలాడుతున్నాయి, మొక్క నిలువెత్తు పెరిగింది, ఏడాదిగా పువ్వు లేదు. కొబ్బరిచెట్ల మధ్య పెరట్లో ఉంచాం, నెలకోసారి చిటికెడు యూరియా వేస్తున్నాం. (అంబాజీపేట)

జవాబు: యూరియా ఆపండి, కుండీని డాబా మీదకు ఎక్కించండి. నత్రజని ఎక్కువైతే ఆకే పెరుగుతుంది. రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ తగలని అడీనియం పొడవు సాగుతుందే గానీ మొగ్గ తొడగదు. పువ్వు కొమ్మ చివరనే వస్తుంది కాబట్టి, ఫిబ్రవరి చివర్లో కొమ్మలను మూడో వంతు మిగిల్చి కత్తిరిస్తే ఒక్కో కొమ్మకు రెండు మూడు చిగుర్లు వచ్చి ఎండలు ముదిరేనాటికి పూతకు వస్తాయి. కత్తిరించిన చోట తడి తగలకూడదు. అందుకే ఈ పని ముసురులో వద్దు. డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని ఆకులు రాల్చడం దాని సహజం, అప్పుడు నీరు ఇంకా తగ్గించాలి.

ప్రశ్న: బోరు నీరు పోస్తున్నాం. ఆకు అంచులు మాడుతున్నాయి, కుండీ అంచున తెల్లటి పొర కడుతోంది. (అంతర్వేది ప్రాంతం)

జవాబు: ఆ పొర ఉప్పు. సముద్రానికి దగ్గరి ఊళ్లలో చాలా బోర్ల నీరు చౌడుగా ఉంటుంది. కాలువ నీరు గానీ, డ్రమ్ములో పట్టిన వాన నీరు గానీ పోయండి. వేసవిలో కాలువలు కట్టేసే రోజులకు ముందుగా నాలుగు బిందెల మంచినీరు దాచుకుంటే రెండు మూడు కుండీలకు నెల గడిచిపోతుంది. ఇది ఎంత నీరు తాగుతుందని! పేరుకున్న ఉప్పు పోవడానికి, ఎండ కాసే రోజు ఉదయం మంచినీటిని కుండీ పరిమాణానికి మూడింతలు నెమ్మదిగా పోసి, కింద నుంచి పూర్తిగా కారనివ్వండి.

ప్రశ్న: రాత్రికి రాత్రి ఆకులన్నీ మాయమయ్యాయి. అరుగు మీద మిరియాల్లాంటి నల్లటి ఉండలు కనిపిస్తున్నాయి. ఏ మందు కొట్టాలి? తుంచిన కొమ్మలు ఆవుకు వేయవచ్చా? (తణుకు)

జవాబు: మందు అక్కరలేదు. ఆ ఉండలు పురుగు పెంటికలు. వాటికి సరిగ్గా పైన ఉన్న కొమ్మను వెతికితే, తల వెనుక రెండు నీలి కళ్ల గుర్తులున్న, చూపుడువేలంత పచ్చని పురుగు దొరుకుతుంది. గన్నేరు మీదా, నందివర్ధనం మీదా కనిపించేది కూడా అదే, ఎందుకంటే ఈ మూడూ ఒకే కుటుంబపు మొక్కలు. సాయంత్రం టార్చి లైటుతో చూసి, పుల్లతో తీసి పారేయండి. వేళ్లు బాగుంటే పదిహేను రోజుల్లో ఆకు మళ్లీ వస్తుంది. ఆకులు లేని ఆ రోజుల్లో నీరు సగానికి తగ్గించండి.

కొమ్మలను ఆవుకు ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకండి. గన్నేరులాగే ఇందులోనూ గుండె లయను దెబ్బతీసే విషం ఉంది; ఆఫ్రికాలో కొన్ని తెగలవారు దీని పాలను వేట బాణాలకు పూసేవారు. కత్తిరింపుల తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి, పాలంటిన చేతితో కళ్లు తుడుచుకోవద్దు, పిల్లలు పాకే అరుగు మీద నుంచి కుండీని తీసి పిట్టగోడ ఎత్తులో పెట్టండి. తీసిన కొమ్మలను గడ్డిమేటు దగ్గర పడేయకుండా, పశువులు తిరగని చోట గొయ్యి తీసి పూడ్చండి.