బోరు నీళ్లలో ఫ్లోరైడ్ రీడింగ్ సగం కూడా రావట్లేదా?

ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో కొలిస్తే ల్యాబ్ రిపోర్టు కంటే చాలా తక్కువ వస్తోందని, ఎలక్ట్రోడ్ పాడైందేమోనని అడిగారు. ఎలక్ట్రోడ్ పాడవలేదు, కొత్తది కొనకండి. మీరు రాసిన పద్ధతి ప్రకారం టిసాబ్ బఫర్‌ను (అన్ని ద్రావణాల్లో లవణాల స్థాయిని, pHను ఒకేలా ఉంచే ద్రావణం) శాంపిల్స్‌లోనే కలిపారు, స్టాండర్డ్స్‌లో (ఫ్లోరైడ్ ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాలు) కలపలేదు. నల్గొండ బోరు నీళ్లకు ల్యాబ్ రిపోర్టులో లీటరుకు 2.4 మి.గ్రా. ఉంటే మీకు 0.9 రావడానికి కారణం చాలావరకు అదే.

టిసాబ్ సగానికి సగం కలపగానే శాంపిల్ పలచబడుతుంది. పైగా ఎలక్ట్రోడ్‌కు తెలిసేది గాఢత కాదు, అయాన్ల యాక్టివిటీ, అంటే ద్రావణంలో అవి ఎంత చురుగ్గా ఉన్నాయన్నది. లవణాలు ఎక్కువున్న టిసాబ్‌లో అది ఇంకా పడిపోతుంది. మామూలు నీళ్లలో చేసిన స్టాండర్డ్స్‌తో దాన్ని పోల్చలేం.

ఇలా చేయండి:

1. స్టాండర్డ్ 25 మి.లీ., టిసాబ్ 25 మి.లీ. శాంపిల్‌కీ అచ్చం ఇదే కొలత. చివర్లో 2తో గుణించే పనే ఉండదు.
2. అన్నీ ప్లాస్టిక్ బీకర్లే. గాజు వద్దు.
3. స్టిరర్ వేగం మార్చకండి. తక్కువ గాఢత నుంచి ఎక్కువకు వెళ్లండి.
4. లీటరుకు 1, 10 మి.గ్రా. స్టాండర్డ్స్ మధ్య తేడా 54–60 మిల్లీవోల్టులు ఉండాలి. లేకపోతే శాంపిల్స్ జోలికి వెళ్లొద్దు.
5. ఒక శాంపిల్‌కు తెలిసినంత ఫ్లోరైడ్ చేర్చి చూడండి. చేర్చినదాంట్లో 90–110 శాతం కనబడితే మీ పద్ధతి సరైనదే. వైవాలో గైడ్ అడిగేదీ ఇదే.

పాత రీడింగులను లెక్కలతో సరిచేయాలని చూడకండి, మళ్లీ తీయండి.