హాకీ జట్టును పై డివిజన్‌కు తీసుకువెళ్లే ముందు: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. మీ విశ్వవిద్యాలయంలో క్లబ్ స్థాయిలో ఆడుతున్న ఐస్ హాకీ జట్టును, అమెరికా కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏలో అన్నిటికన్నా పై మెట్టయిన డివిజన్ 1కు తీసుకువెళ్లాలా వద్దా అని తేల్చే కమిటీలో అధ్యాపకుల తరఫున నిన్ను వేశారనీ, పూర్వ విద్యార్థులు ఎంతో ఉత్సాహంగా ఉన్నారనీ, నువ్వు మాత్రం ఎటూ తేల్చుకోలేకపోతున్నావనీ రాశావు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను కూడా క్రీడా వ్యవహారాలు చూసే ఇలాంటి కమిటీలో పనిచేశాను కాబట్టి, ఆ అనుభవంతో నా అభిప్రాయం ముందే చెబుతున్నాను. ఏదో ఒక కాన్ఫరెన్స్, అంటే ఏటేటా తమలో తాము ఆడుకునే జట్ల కూటమి, మిమ్మల్ని చేర్చుకుంటామని రాతపూర్వకంగా ఒప్పుకునేదాకా నువ్వు ఔనని ఓటు వేయవద్దు. డబ్బు, రింక్ (మంచు ఆటస్థలం), కోచ్, ఆటగాళ్లు అన్నీ దాని తరువాతే.

మీది మిగతా ఆటలన్నిటిలో డివిజన్ 2 విశ్వవిద్యాలయం. పురుషుల ఐస్ హాకీలో డివిజన్ 2 జాతీయ పోటీని 1999తో ఆపేశారు కనుక, మీవంటి వారు ఈ ఒక్క ఆటలో డివిజన్ 1లో ఆడటానికి నిబంధనలు అడ్డు చెప్పవు. కమిటీలో కొందరు దీన్నే పెద్ద అవకాశంగా చూపిస్తారు. అయితే నిబంధన అనుమతించడం వేరు, అక్కడ మీతో ఏటేటా ఆడే జట్లు ఉండటం వేరు. డివిజన్ 1 పురుషుల హాకీలో ఉన్నవి ఆరే కాన్ఫరెన్సులు. జాతీయ టోర్నమెంటుకు వెళ్లే 16 జట్లలో ఆరు ఆ కాన్ఫరెన్సుల విజేతలుగా నేరుగా వెళతాయి, మిగిలిన పది స్థానాలను ర్యాంకులను బట్టి నింపుతారు. ఏ కాన్ఫరెన్సులోనూ లేని జట్టుకు ఆ మొదటి దారి పూర్తిగా మూసుకుపోయినట్టే. అంతకంటే కష్టమైన సంగతి ఏమిటంటే, జనవరి నుంచి అందరూ తమ కాన్ఫరెన్స్ ఆటల్లో మునిగిపోతారు కనుక, ఆ రెండు నెలలు మీతో ఆడటానికి జట్లను వెతుక్కోవడమే మీ కోచ్‌కు ఒక ఉద్యోగమవుతుంది.

అలబామా హంట్స్‌విల్ విశ్వవిద్యాలయం కథ నువ్వు శ్రద్ధగా చదవాలి, ఎందుకంటే అది మీ కథకు చాలా దగ్గరది. ఆ జట్టు 1996లోనూ 1998లోనూ డివిజన్ 2 జాతీయ విజేత. పైకి వెళ్లాక 2007లో, 2010లో డివిజన్ 1 జాతీయ టోర్నమెంటు కూడా ఆడింది. 2010లో దాని కాన్ఫరెన్స్ మూతపడింది. ఏడాది తిరిగేసరికి జట్టును మళ్లీ క్లబ్ స్థాయికి దించుతామని యాజమాన్యం ప్రకటించింది. అభిమానులు, పూర్వ విద్యార్థులు పట్టుబట్టి కాపాడుకున్నారు. 2013లో డబ్ల్యూసీహెచ్‌ఏ అనే కాన్ఫరెన్సులో చోటు దొరికింది. ఆ తరువాత ఆ కాన్ఫరెన్సులోని ఏడు విశ్వవిద్యాలయాలు విడిపోయి 2021-22 నుంచి సీసీహెచ్‌ఏ అనే వేరే కాన్ఫరెన్సుగా ఏర్పడ్డాయి, హంట్స్‌విల్‌నూ అలాస్కాలోని రెండు జట్లనూ వెంట తీసుకువెళ్లలేదు. కొత్త కాన్ఫరెన్స్ దొరక్క 2021 మేలో హంట్స్‌విల్ ఆట నిలిచిపోయింది. అలాస్కా యాంకరేజ్ జట్టునూ రద్దు చేశారు. అభిమానులు 30 లక్షల డాలర్లు పోగుచేస్తే అది 2022-23లో తిరిగి మంచు మీదికి వచ్చింది. ఆ ఊరి వాళ్ల పట్టుదలకు నాకు ఎంతో గౌరవం ఉంది. కానీ ఒక విశ్వవిద్యాలయం తన జట్టు మనుగడను అటువంటి పట్టుదల మీద ఆనించి పథకం వేయకూడదు.

దీనికి ఎదురుగా, కాన్ఫరెన్స్ చూసుకుని అడుగు వేసినవారూ ఉన్నారు. సౌత్ డకోటాలోని ఆగస్టానా కూడా మీలాగే మిగతా ఆటల్లో డివిజన్ 2 విశ్వవిద్యాలయం. 2023లో తొలి ఆట ఆడటానికి ఏడాది ముందే, 2022లో, దానికి సీసీహెచ్‌ఏ ఆహ్వానం వచ్చింది. సొంత మిడ్కో అరీనా 2024 జనవరిలో తెరుచుకుంది. మిన్నెసోటాలోని సెయింట్ థామస్ 2021లో డివిజన్ 3 నుంచి అన్ని ఆటల్లోనూ ఒక్కసారిగా డివిజన్ 1కు వెళ్లింది; హాకీలో మొదటి ఏడాది గెలిచినవి మూడే మూడు ఆటలు. అయినా కాన్ఫరెన్స్ అండ ఉంది, ఆడటానికి తెలిసిన ప్రత్యర్థులున్నారు, ఓడినా ఏటా మళ్లీ ఆడే వేదిక ఉంది; 2025 వచ్చేసరికి ఆ జట్టు సీసీహెచ్‌ఏ ఫైనల్‌కు చేరింది. మొదటి మూడేళ్ల ఓటములను భరించడానికి మీ యాజమాన్యం సిద్ధంగా ఉందా అని అడిగేటప్పుడు ఈ ఉదాహరణే చూపించు.

నీ కమిటీలో ఎవరో ఒకరు అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం పేరు తప్పక ఎత్తుతారు. అది ఉన్నది మన తెలుగు పిల్లలు వేలల్లో చదువుకున్న టెంపీలో కనుక నీకూ ఆ ఊరంటే అభిమానమే. ఆ క్లబ్ జట్టు 2014లో క్లబ్ జట్ల సంఘమైన ఏసీహెచ్‌ఏలో జాతీయ విజేతగా నిలిచింది. అదే ఏడాది నవంబరులో 3 కోట్ల 20 లక్షల డాలర్ల విరాళంతో డివిజన్ 1కు వెళుతున్నట్టు ప్రకటించారు. అక్కడి నుంచి 2024 దాకా కాన్ఫరెన్స్ లేకుండానే ఆడారు. చాలా ఏళ్లు వెయ్యి మందికి కూడా చోటు చాలని చిన్న రింక్‌లో ఆడారు. కోవిడ్ ఏడాది 2020-21లో బిగ్ టెన్ అనే కాన్ఫరెన్స్ జట్ల ఊళ్లకే వెళ్లి సీజన్ మొత్తం పరాయి మంచు మీద గడిపారు. సుమారు 5,000 మంది పట్టే ముల్లెట్ అరీనా 2022లో వచ్చింది, 2024-25లో ఎన్‌సీహెచ్‌సీ అనే కాన్ఫరెన్స్ చేర్చుకుంది. మధ్యలో 2019లో జాతీయ టోర్నమెంటుకు వెళ్లడం నిజంగా గొప్ప విజయం. అంత విరాళమూ, దేశంలోనే అతి పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఒకటన్న బలమూ, క్లబ్ రోజుల నుంచీ జట్టును నడిపిన గ్రెగ్ పవర్స్ వంటి కోచ్ ఓపికా ఉంటేనే ఆ ఎదురుచూపు సాగింది. మీకు అవేవీ లేవని నీ ఉత్తరంలోనే ఉంది.

మరొకరు యూనియన్ కాలేజ్ గురించి చెబుతారు. సుమారు 2,200 మంది విద్యార్థులున్న చిన్న కాలేజ్, క్రీడా ఉపకార వేతనాలు ఇవ్వకుండానే 2014లో మిన్నెసోటాను 7-4తో ఓడించి జాతీయ విజేత అయింది. ఆ ఆట తలుచుకుంటే ఈనాటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. అయితే యూనియన్ డివిజన్ 1కు వచ్చింది 1991లో, ఈసీఏసీ అనే కాన్ఫరెన్సులో స్థిరమైన చోటుతో. ఆ కప్పుకు పట్టిన కాలం 23 ఏళ్లు.

గెలిస్తే అన్నీ సర్దుకుంటాయనే మాట కూడా నమ్మవద్దు. మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో అమెరికన్ ఇంటర్నేషనల్ కాలేజ్ ఉంది. 2019 జాతీయ టోర్నమెంటులో, దేశంలో మొదటి స్థానంలో ఉన్న సెయింట్ క్లౌడ్ స్టేట్‌ను 2-1తో ఓడించిన జట్టు అది. కాన్ఫరెన్స్ ఉంది, విజయాలున్నాయి. అయినా 2025-26 నుంచి డివిజన్ 2లో ఆడతామని 2024 నవంబరులో ప్రకటించింది. కాన్ఫరెన్స్ లేకపోతే బతకడం కష్టమని హంట్స్‌విల్ చెబుతోంది, కాన్ఫరెన్స్ ఒక్కటే చాలదని ఈ కాలేజ్ చెబుతోంది.

కనుక డబ్బు సంగతి. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ వ్యవహారంలో ఆ రెండూ ఒకేసారి చేయాలి. పెన్ స్టేట్‌కు 2010లో పెగ్యులా దంపతులు 8 కోట్ల 80 లక్షల డాలర్లు ఇచ్చారు, తరువాత దాన్ని 10 కోట్ల 20 లక్షలకు పెంచారు. సొంత అరీనా, పురుషుల జట్టు, దానితో పాటే స్త్రీల జట్టు ఆ విరాళం మీద లేచాయి. మీ పూర్వ విద్యార్థులు ఇస్తామంటున్న మొత్తం కట్టడానికా, నడపడానికా అన్నది మొదటి సమావేశంలోనే తేల్చమను. కట్టడానికి దాతలు దొరుకుతారు, ఎందుకంటే గోడ మీద పేరు ఉంటుంది. పదో ఏట మంచు గడ్డకట్టించే కరెంటు బిల్లుకూ, కోచ్‌ల జీతాలకూ, వారాంతపు ప్రయాణాలకూ ఎవరి పేరూ ఉండదు. పైగా ఖర్చు పెరుగుతోందే కాని తగ్గడం లేదు. ఇదివరకు ఒక్కో జట్టుకు 18 పూర్తి ఉపకార వేతనాల పరిమితి ఉండేది. 2025-26 నుంచి, కాలేజీ ఆటగాళ్లకు చెల్లింపుల మీద నడిచిన హౌస్ కేసు ఒప్పందంలో చేరిన విశ్వవిద్యాలయాలు జట్టులోని 26 మందికీ ఇవ్వవచ్చు. మీరు అంత ఇవ్వలేకపోయినా, ఇచ్చేవారితోనే తలపడాలి. స్త్రీ పురుషులకు సమాన అవకాశాలు కోరే 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ఉండనే ఉంది కాబట్టి, స్త్రీల క్రీడలకు కేటాయించే మొత్తం కూడా ఇదే అంచనాలో, ఇదే పుటలో కనిపించాలి.

ఆ లోటును విద్యార్థుల ఫీజుతో పూడుద్దామని ఎవరైనా అంటే మాత్రం గట్టిగా మాట్లాడు. ఆ ఫీజు హాకీ చూడని వారి మీదా పడుతుంది. గుంటూరులోనో కరీంనగర్‌లోనో పొలం తాకట్టు పెట్టి వచ్చిన మన ఎం.ఎస్. పిల్లల మీదా పడుతుంది. వాళ్ల తరఫున ఆ గదిలో మాట్లాడేవారు నువ్వు తప్ప ఎవరూ ఉండకపోవచ్చు.

ఇక ఇప్పుడు ఆడుతున్న కుర్రవాళ్ల సంగతి. అర్ధరాత్రి దొరికే ఐస్ టైమ్‌లో ప్రాక్టీస్ చేస్తూ, తమ చేతి డబ్బు కట్టి జట్టును నిలబెట్టింది వాళ్లే. జట్టు పైకి వెళితే వాళ్లలో ఎక్కువమందికి చోటు ఉండదు. డివిజన్ 1లో మొదటి ఏడాది చేరేవారే కాలేజీకి ముందు జూనియర్ హాకీ లీగుల్లో ఆడి 20, 21 ఏళ్లకు వస్తారు. 2025 ఆగస్టు నుంచి కెనడాలో జూనియర్ హాకీ పై స్థాయి అయిన మేజర్ జూనియర్ ఆటగాళ్లకు కూడా ఎన్‌సీఏఏ తలుపులు తెరిచింది. ఈ నిజాన్ని వాళ్లకు ఓటుకు ముందే చెప్పించు, తరువాత తెలియడం అన్యాయం. క్లబ్ జట్టును రెండో జట్టుగా కొనసాగిస్తామన్న హామీ ఉంటే దాన్ని తీర్మానంలో రాయించు.

వద్దని ఓటు వేయాల్సి వస్తే అంతటితో ఊరుకోకు. ఏసీహెచ్‌ఏలోనే పురుషులకు మూడు డివిజన్లున్నాయి. మీరు రెండో దానిలో ఉన్నారు కనుక మొదటి దానికి వెళ్లడం మీ శక్తికి తగిన పని. పెన్ స్టేట్, అరిజోనా స్టేట్ రెండూ ఆ మెట్టు మీద ఏళ్ల తరబడి బలంగా నిలబడ్డాకే పైకి వెళ్లాయి. సాయంత్రం వేళ ఐస్ టైమ్, పూర్తికాలపు కోచ్, ప్రతి ఆటకూ ఒక అథ్లెటిక్ ట్రైనర్, ఆటగాళ్లు కట్టే రుసుములో సగం విశ్వవిద్యాలయమే భరించడం అనే ప్రతిపాదనను నువ్వే రాసి తీసుకువెళ్లు. దానితో పాటు సీసీహెచ్‌ఏకూ అట్లాంటిక్ హాకీ అమెరికా అనే మరో కాన్ఫరెన్సుకూ మీ అధ్యక్షుడి సంతకంతో లేఖలు పంపించి, వాళ్లు ఏ షరతుల మీద చేర్చుకుంటారో రాతలో తెప్పించు. ఆ జవాబులు వచ్చాక ప్రతులు నాకు పంపు, కలిసి చదువుదాం. అక్కయ్యకూ బావగారికీ నా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య