దాణా మారిస్తే గుర్రం స్వభావం మారుతుందా?

ఓట్స్ పెంచినప్పటి నుంచి గుర్రం బెదురుతోంది, ఒకచోట నిలవడం లేదు, తప్పు దాణాదేనా అని అడిగారు. అయ్యే అవకాశం బాగా ఉంది. ధాన్యంలోని పిండిపదార్థం చిన్నపేగులో అరిగి గ్లూకోజుగా త్వరగా రక్తంలో చేరుతుంది. కొన్ని గుర్రాల్లో ఆ జోరు ఉలికిపాటుగా బయటపడుతుంది. ఒకే పూట ఎక్కువ పెడితే అరగని పిండి పెద్దపేగుకు చేరి పులుస్తుంది, కడుపునొప్పి రావచ్చు.

గడ్డి తీరు వేరు. పెద్దపేగులోని సూక్ష్మజీవులు పీచును గంటల తరబడి పులియబెడతాయి కాబట్టి శక్తి నిలకడగా అందుతుంది. పైగా గుర్రం కడుపులో ఆమ్లం మేత ఉన్నా లేకున్నా ఊరుతూనే ఉంటుంది. మేత లేకుండా చాలాసేపు ఉంచితే పుండ్లు పడతాయి. జీను పట్టీ బిగిస్తుంటే చెవులు వెనక్కి వాల్చి కరవబోయే గుర్రాన్ని పొగరుబోతు అనేస్తారు. పాపం, అది నొప్పితో అలా చేస్తుండవచ్చు, పశువైద్యుడికి చూపించండి.

500 కిలోల గుర్రానికి, తేమ తీసేసి లెక్కిస్తే, రోజుకు కనీసం 7.5 కిలోల గడ్డి అందాలి. తేలికపాటి పని చేసే చాలా గుర్రాలకు మంచి గడ్డి, ఖనిజ లవణాలు, ఉప్పు, నీరు చాలు. ఇంకా శక్తి కావాలంటే ధాన్యం బదులు కొద్దికొద్దిగా నూనె కలపండి. ఏ మార్పయినా పది రోజులకు తగ్గకుండా, మెల్లగా చేయండి.