పెళ్లిలో నవ్విందంటే నొప్పి లేనట్టేనా?

తిరుపతి నుంచి ఒక సోదరుడు రాశారు: భార్యకు మూడేళ్లుగా నడుము, మెడ నొప్పులు, స్కానింగులో ఏమీ కనబడలేదు. ఆయనకూ ఒకసారి నడుము పట్టేసింది కానీ నెలలో తగ్గి అలిపిరి మెట్లెక్కగలిగారు. బంధువుల పెళ్లిలో కోడలు నవ్వుతూ తిరిగింది కనుక ఇదంతా పనికి సాకేనని తల్లి అంటున్నారు, ఆయనకూ అనుమానం కలుగుతోంది.

సోదరా, ముగ్గు వేసి లేచేటప్పుడు ఆమె గేటు పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోతుందని మీరే రాశారు. తెల్లవారుజామున, చూసేవాళ్లు లేని చోట, ఎవరి కోసం నటిస్తుంది?

మూడు నెలలు దాటిన నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. అప్పుడు గాయం కనబడకపోయినా నరాల వ్యవస్థే అతిగా స్పందిస్తూ ఉండవచ్చు. మెదడు నడిమి భాగంలోని ఒక చిన్న కేంద్రం నుంచి వెన్నుపాముకు దిగే సంకేతాలు నొప్పిని అణచగలవు, పెంచనూగలవు. సంతోషం, ధ్యాస మళ్లడం కూడా ఈ దారిలోనే కాసేపు ఉపశమనం ఇస్తాయి కనుక పెళ్లిలో ఆమె నవ్వూ నిజమే, నొప్పీ నిజమే. మర్నాడు ఉదయం ఆమె ఎలా ఉందో మీ ఇంట్లో ఎవరైనా అడిగారా?

ఈ అణచివేత ఆడా మగా అందరిలో ఒకేలా సాగదు. ఆ మెదడు కేంద్రంలో మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందు పనిచేసే తీరు ఆడ ఎలుకల్లో మగవాటికంటే బలహీనమని ప్రయోగాల్లో తేలింది. దీర్ఘకాలిక నొప్పిని నిలబెట్టే రోగనిరోధక కణాలు కూడా ఆడ, మగ చిట్టెలుకల్లో వేరని 2015లో కెనడా పరిశోధకులు చూపారు. మనుషుల్లో ఇదంతా అచ్చంగా ఇలాగే జరుగుతుందని నేను చెప్పను. ఇవి సగటు తేడాలే, స్త్రీలు బలహీనులని అర్థం కానే కాదు. అయితే దశాబ్దాల పాటు ఈ ప్రయోగాలు ఎక్కువగా మగ జంతువుల మీదే జరిగాయన్నది నన్ను బాధించే విషయం. మీరూ మీ నెల రోజుల నడుమునొప్పితోనే ఆమె మూడేళ్లను కొలుస్తున్నారు.

ఏ రోజు ఎంత నొప్పి, నిద్ర ఎలా పట్టింది, నెలసరి ఎప్పుడు అన్నవి ఆమెను ఒక నోటుపుస్తకంలో రాయమనండి. నొప్పి చికిత్స నిపుణుల దగ్గరకు, ఫిజియోథెరపీకి మీరూ వెంట వెళ్లండి. కాళ్లలో పట్టు తగ్గినా, మూత్రం అదుపు తప్పినా మాత్రం ఒక్క రోజు కూడా ఆగవద్దు. బిందెలు, గ్యాస్ సిలిండరు ఎత్తే పని మీరు తీసుకోండి. అమ్మగారితో, మీ భార్య ఎదుటే, "నొప్పి నిజమేనమ్మా, నేను పొరబడ్డాను" అని చెప్పండి. డాక్టరు ప్రశ్నలకు మీరు జవాబివ్వకుండా ఆమెనే చెప్పనివ్వండి.