ట్రౌట్‌కు ఏ ఫ్లై కట్టాలి? ముందు ఏట్లో ఒక రాయి తిరగేయండి

దేవరకొండ నుంచి వచ్చిన ప్రశ్న ఇది: "డిండిలో గాలం వేసిన అలవాటుంది. ఏప్రిల్‌లో హిమాచల్‌లోని తీర్థన్ లోయకు ట్రౌట్ చేపల కోసం వెళ్తున్నా. ఆన్‌లైన్‌లో 60 ఫ్లైల డబ్బా కొన్నా, ఒక్కదానికీ పేరు లేదు. ఏ పురుగుకు ఏది కట్టాలి?"

డబ్బా కాసేపు పక్కన పెట్టండి. ఏ పురుగు అన్నది తర్వాత. చేప నీళ్లలో ఏ ఎత్తులో తింటోందన్నది ముందు తేలాలి. మన చెరువుల్లో ఎర్ర గుచ్చి బెండు కట్టి వదిలితే వాసనకే చేప వస్తుంది. ఫ్లైకి వాసనా లేదు, రుచీ లేదు. కొక్కేనికి చుట్టిన ఈకలు, వెంట్రుకలు, దారం, అంతే. దాన్ని చేప కంటితోనే నమ్మాలి. కాబట్టి వరుస ఇది: ముందు ఎత్తు, తర్వాత సైజు, ఆ తర్వాత ఆకారం, చివరికి రంగు. చాలామంది రంగు దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు.

ఒడ్డున కూర్చుని పది నిమిషాలు గాలం వేయకుండా చూడండి. నీటి మీద చిన్న వలయం లేచి, ముక్కు కనిపించి మాయమైతే చేప పైన తేలేదాన్ని తింటోంది. ముక్కు కాకుండా వీపు, తోక మాత్రమే కనిపిస్తే పైపొర కిందికి వచ్చి, రెక్కలు విప్పబోతున్న పురుగును పడుతోంది. పైన తేలే ఫ్లై ఎన్నిసార్లు వేసినా పట్టడం లేదంటే ఎక్కువసార్లు కారణం ఇదే. చప్పుడుతో నీళ్లు చిమ్మితే క్యాడిస్ లేస్తోందని అనుమానించండి, ఆ పురుగు వేగంగా పైకొస్తుంది, చేపా అంతే వేగంగా వెంటపడుతుంది. పైన ఏ కదలికా లేకపోతే తిండి అడుగున సాగుతున్నట్టు. రోజులో ఎక్కువ భాగం పరిస్థితి ఇదే.

ఇప్పుడు రాయి. మోకాలి లోతులో, నీళ్లు పారే చోట అరచేతి వెడల్పు చదును రాయి తీసి కింది వైపు చూడండి. సాధారణంగా మూడు తోకలు ఉండి, పొట్ట పక్కల సన్నని మొప్పలు ఆడుతూ, అడ్డంగా పరుగెత్తేది మేఫ్లై పిల్ల. రెండే తోకలు, ఒక్కో పాదానికి రెండు గోళ్లు, పాకుడు నెమ్మది అయితే స్టోన్‌ఫ్లై. ఇసుక రేణువులో పుల్లముక్కలో అంటించుకున్న చిన్న గొట్టం కనిపిస్తే లోపల క్యాడిస్ పురుగు ఉంటుంది. దారప్పోగంత సన్నగా మెలికలు తిరిగేవి మిడ్జ్ పిల్లలు. దోమతెర గుడ్డ అడుగున్నర చదరం తీసుకుని రెండు పుల్లలకు కట్టి, నీటికి అడ్డంగా పట్టుకుని ఎగువన ఉన్న రాళ్లను కాలితో కదిపితే అన్నీ అందులోకి కొట్టుకొస్తాయి. తెల్ల ప్లాస్టిక్ పళ్లెంలోకి దులపండి, స్టీలు పళ్లెం మెరుపులో ఏమీ కనిపించదు.

రెక్కలొచ్చినవాటికి గుర్తులు వేరు. మేఫ్లై రెక్కలు పడవ తెరచాపలా నిలువుగా నిలబడతాయి. క్యాడిస్‌వి ఇంటి పైకప్పులా వాలి ఉంటాయి, తోక ఉండదు, మీసాలు పొడుగు. స్టోన్‌ఫ్లైవి వీపు మీద చదునుగా పరుచుకుంటాయి.

దొరికిన పురుగును వెల్లకిలా తిప్పండి. చేప కింది నుంచి చూస్తుంది కాబట్టి మనకు కావలసింది పొట్ట రంగు. వీపు ముదురుగా, పొట్ట లేత పసుపుగా ఉండటం మామూలే. సైజు కొలిచేటప్పుడు తోకలు, రెక్కలు వదిలేసి ఒళ్లు మాత్రమే హుక్కు పక్కన పెట్టండి. నంబరు పెరిగేకొద్దీ హుక్కు చిన్నది: 12 పెద్దది, 16 దాదాపు బియ్యపు గింజంత, 20 అంతకన్నా చిన్నది. అనుమానం వస్తే ఒక సైజు చిన్నదే కట్టండి, పెద్దది కట్టొద్దు.

కొనాల్సినవి తక్కువే. పైన తేలేవాటిలో ప్యారాషూట్ ఆడమ్స్ 14, 16. ఎల్క్ హెయిర్ క్యాడిస్ 14, 16. అడుగుకు ఫెజెంట్ టెయిల్ 14 నుంచి 18, బంగారు పూస ఉన్న హేర్స్ ఇయర్ 12, 14. స్టోన్‌ఫ్లై కోసం నల్లటి నిమ్ఫ్ (అడుగున ఉండే పురుగు పిల్లలా కట్టిన ఫ్లై) 8 లేదా 10. మిడ్జ్‌కు జీబ్రా మిడ్జ్ 18, 20. గడ్డి ఒడ్డుల దగ్గర నల్ల చీమ 16. ఒక్కోటి మూడేసి ఉంటే చాలు, రెండు చెట్లకు పోతాయి కాబట్టి.

చివరి తంగూసు పల్చన కావాలి. దాని సన్నదనాన్ని ఎక్స్ నంబరుతో చెబుతారు, హుక్కు నంబరును 3తో భాగిస్తే అది సుమారుగా వస్తుంది: 15కి 5ఎక్స్, అంటే 0.15 మిల్లీమీటర్లు. లావుది కడితే ఫ్లై బిగుసుకుని, ప్రవాహంతో పాటు పోకుండా నీటి మీద గీత గీస్తుంది. ఆ గీతే అసలు శత్రువు. చేప పైకి వచ్చి, ఆఖరి క్షణంలో మొహం తిప్పుకుపోతే ఫ్లై మార్చడానికి తొందరపడకండి. ముందు నిలబడిన చోటు మార్చి వేయండి, తంగూసు రెండడుగులు పెంచండి. అప్పటికీ తిప్పుకుంటే సైజు తగ్గించండి. రంగు జోలికి ఆఖరున వెళ్లండి.

పైన తేలే ఫ్లై పొడిగా ఉన్నప్పుడే, దాన్ని తేల్చే జిగురు పిసరంత రాయాలి. తడిసిన తర్వాత రాస్తే లోపల నీళ్లు చిక్కుకుని మునుగుతుంది. చేప పట్టాక ఫ్లై మీద జిగట ఉంటుంది, నీళ్లలో కడిగి గుడ్డలో ఒత్తి మళ్లీ రాయండి. నిమ్ఫ్‌కు ఇది పొరపాటున కూడా అంటకూడదు. నిమ్ఫ్ వేసేటప్పుడు పైన కట్టే గుర్తు మన బెండు లాంటిదే, నిమ్ఫ్ నుంచి నీటి లోతుకు ఒకటిన్నర రెట్లు దూరంలో కట్టండి. అప్పుడప్పుడు రాయి తగలాలి. అసలు తగలకపోతే బరువు చాలలేదు, ప్రతిసారీ చిక్కుకుంటే ఎక్కువైంది. మనకు బెండు మునిగాక లాగడం అలవాటు. ట్రౌట్ అంతసేపు నోట్లో ఉంచుకోదు. గుర్తు అర క్షణం ఆగినా కర్ర ఎత్తండి. వీపు, తోక కనిపించే చేపకైతే ఆడమ్స్ వంపుకు 40 సెంటీమీటర్ల తంగూసు కట్టి, చివర 18 నంబరు ఫెజెంట్ టెయిల్ వేలాడదీస్తే రెండు ఎత్తులూ ఒకేసారి వెతికినట్టు అవుతుంది.

మంచు కరిగే కాలం కాబట్టి పొద్దున తేటగా ఉన్న ఏరు మధ్యాహ్నానికి పాలు కలిపినట్టు కావచ్చు. అప్పుడు చిన్న మిడ్జ్‌లు చేపకు కనిపించవు, నల్లటి 8 నంబరు నిమ్ఫ్ ఒడ్డు వారగా వేయండి. మత్స్యశాఖ లైసెన్సు వెంట ఉంచుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ట్రౌట్ వేట అక్కడ బందు, ఏప్రిల్‌లో ఇబ్బంది లేదు.

బయల్దేరేలోపు వాగుల్లో రాళ్లు తిరగేసి చూడటం అలవాటు చేసుకోండి. చెరువు పక్క వీధిదీపం కింద మిడ్జ్‌లు దొరుకుతాయి, వాటన్నిటినీ ఉసిళ్లు అనుకోవద్దు. స్టోన్‌ఫ్లై మాత్రం చెరువుల్లో వెతకొద్దు, దానికి చల్లగా పారే నీళ్లు కావాలి. ఇక ఆ 60 ఫ్లైల డబ్బాలో మట్టిరంగు, బూడిదరంగువి 14 నుంచి 18 మధ్యవి ఏరుకోండి, హుక్కు మొన పక్కనుండే ముల్లును ప్లయర్‌తో నొక్కి చదును చేయండి. తళుకులు, గులాబీరంగు ఈకలు ఉన్నవి డిండి పరకలకు ఉంచండి.