టీచరమ్మను అడుగుండ్రి: పేరుకు మూడో తరగతి, చదువు ఒకటో తరగతి

ఈసారి ఉత్తరాల కంటే వాట్సాప్ మెసేజ్‌లే ఎక్కువొచ్చినయ్, అండ్ల సగం వాయిస్ మెసేజ్‌లు, కోడి కూసుడు, టీవీ సప్పుడు, నడుమ ఎవరో ఏడ్సుడు, అన్నీ విని కాగితం మీద పెట్టేసరికి నాకు రెండు రాత్రులు పట్టింది. కరోనాకు మూసిన బళ్ళు 2021 సెప్టెంబర్ 1న తెరిచిండ్రు కదా, ఏడాదిన్నర నుంచి కడుపుల దాసుకున్నదంతా ఒక్కసారే బయటికొచ్చినట్టుంది. తెరిచినంక కూడా సక్కగ నడిచింది లేదు, మొన్న గులాబ్ తుపాను వానలకు 28న మళ్ళ సెలవిచ్చిరి. బతుకమ్మ సెలవులు వచ్చేలోపు కొన్నింటికన్న జవాబు చెప్త. పేర్లు నేనే తీసేసిన.

ప్రశ్న: మేడం, మాది నర్సంపేట దగ్గర పల్లె. మా పాప ఇప్పుడు మూడో తరగతి. లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఒకటో తరగతిల ఉండె. రెండో తరగతి అసలు బడి మొఖమే చూడలే, పాస్ అని రాసిండ్రు. మొన్న బడికి పోయొచ్చి నాకేం రాదమ్మా అందరు నవ్వుతున్నరు అని ఏడ్చింది. తెలుగు పుస్తకంల మొదటి పాఠం గడగడ చదువుతది గని నడిమిట్ల ఒక మాట మీద వేలు పెట్టి ఇదేంది అంటే నోరు తెరువది. నేను ఏడోది దాకే చదివిన. టీవీ పాఠాలు కూడా చూపియ్యలేకపోయిన. మళ్ళ ఒకటో తరగతిల కూసోబెట్టమని సార్‌ను అడగాల్నా?

జవాబు: ముందు ఆ టీవీ బాధ తీసెయ్ చెల్లె. పోయినేడు సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిల, టీ-శాట్ అనే సర్కార్ పాఠాల ఛానల్‌ల పాఠాలు పెట్టిన మాట నిజమే, గని అవి మూడో తరగతి నుంచి పైవాళ్ళకు. నీ బిడ్డ అప్పుడు రెండో తరగతి. నువ్వు పొద్దంత టీవీ ముంగట కూసోబెట్టినా ఆ పిల్ల పాఠం అండ్ల వచ్చేది కాదు. మొన్న ఫిబ్రవరిల బళ్ళు తెరిచినప్పుడు కూడ ముందు తొమ్మిది, పది, తర్వాత 24వ తారీఖు నుంచి ఆరు, ఏడు, ఎనిమిది, అంతే, మార్చి 24కు మళ్ళ తాళం పడ్డది. ఐదో తరగతి లోపు పిల్లలకు 2020 మార్చిల మూసిన తలుపు మొన్ననే తెరిచిండ్రు. అందుకని ఆ నవ్వుతున్నోళ్ళల్ల కూడ సగం మందికి ఏం రాదు, నన్నడిగితే తమకు రాదని బయటపడొద్దనే నవ్వుతున్నరు.

వేలు పెట్టి అడిగిన అన్నవ్ సూడు, అదే అసలు పరీక్ష. నేను 34 ఏండ్లు బడిల చేసిన, గడగడ చదివిన పిల్లను చూసి మురిసిపోయి నడిమి మాట అడగని టీచర్లను మస్తు మందిని చూసిన, మొదట్ల నేను కూడ గంతే. మొదటి పాఠం పాటోలె కంఠస్థం అయిపోతది, అది చదువుడు కాదు. నువ్వు ఏడోది చదివి కూడ అది పట్టుకున్నవ్.

ఒకటో తరగతిల మాత్రం కూసోబెట్టకు. విద్యాహక్కు చట్టం ప్రకారం వయసుకు తగ్గ తరగతిలనే ఉండాలె, అదిగాక తనకంటే రెండేండ్లు చిన్న పిల్లల నడుమ కూసుంటే ఇప్పుడున్న సిగ్గు ఇంకింత అయితది. పేరు మూడో తరగతిల ఉండనియ్యి, చదువు మాత్రం ఎక్కడ ఆగిందో ఆడికెల్లి మొదలుపెట్టు. రాత్రి అన్నం తిన్నంక ఇరవై నిమిషాలు, అంతకంటే వద్దు. అ ఆ ఇ ఈ నుంచి వరుసగ పోకు, అది కూడ పాటే. గుణింతం లేని మాటలు తీస్కో: తల, వల, పలక, గడప, కలప. బొగ్గుతోని గచ్చు మీద రాసి వేలు పెట్టి అడుగు, వరుస మార్చి అడుగు. వారం పది దినాలు అవే. తర్వాత దీర్ఘం: మామ, బావ, పాట. తర్వాత కొమ్ము, దీనికి మనకు ఇప్పుడు మంచి మాట దొరుకుతది, గునుగు. మూడక్షరాలు, మూడిటికీ కొమ్మే. పండుగకు గునుగు పువ్వు తెంపుకరాంగ రాయించు. బస్టాండుకు పోతే ములుగు బస్సు బోర్డు చూపించు, అది కూడ మూడు కొమ్ములే, ఆ పిల్ల తనంతల తాను బస్సు బోర్డు చదివిన రోజు మొఖం ఎట్ల వెలుగుతదో చూడు. వత్తులు ఆఖరికి: అమ్మ, అక్క, బొమ్మ. లెక్కలకు చింతగింజలు చాలు, పదేసి కుప్పలు పెట్టించు, నలభై మూడు అంటే నాలుగు కుప్పలు మూడు గింజలు అని చేతికి తెలవాలె, కూడికలు ఆ తర్వాత.

సార్‌ను అడగాల్సింది ఒక్కటే, మా పాపకు గుణింతాలు రావు, మీరు అందరి ముంగట చదువమనకండ్రి, నేను ఇంట్ల చెప్తున్న, దీపావళి అయినంక అడుగుండ్రి అను. మంచి సార్ అయితే సంబురపడతడు.

ప్రశ్న: అమ్మా నమస్తే, కాజీపేటల ఆటో నడుపుత. కొడుకు ప్రైవేట్ బడిల ఏడో తరగతి. పోయినేడు ఆన్‌లైన్ క్లాసులన్నరు, ఇంట్ల ఒకటే ఫోన్, అది నాతోని ఆటోల ఉంటది, వాడు విన్నది నెలకు పది దినాలు కూడ కాదు. గిరాకీ లేక నేనే అప్పుల పడ్డ. ఇప్పుడు 28 వేలు బాకీ అంటున్నరు, బస్సు ఎక్కకున్నా బస్సు ఫీజు రాసిండ్రు. సర్కార్ బడిల వేద్దామంటే బాకీ కట్టందే టీసీ ఇయ్యమంటున్నరు. ఏం చెయ్యాలె?

జవాబు: తమ్మీ, టీసీ కోసం ఆగకు. విద్యాహక్కు చట్టం 2009ల ఐదో సెక్షన్ అనే ఉన్నది, ఎనిమిదో తరగతి దాక పిల్లలకు సర్కార్ బడికి మారే హక్కున్నది, పాత బడి హెడ్‌మాస్టర్ టీసీ వెంటనే ఇయ్యాలె, ఇయ్యకపోయినా, లేటయినా సరే, ఆ సాకుతోని కొత్త బడి చేర్చుకోను అనొద్దు. నీ కొడుకు ఏడో తరగతి కాబట్టి ఇది నీకు వర్తిస్తది, వాడు తొమ్మిదికి పోయినంక అయితే ఇంత సులువు కాదు. ఆధార్ కార్డు, పాత ప్రోగ్రెస్ కార్డు ఏదుంటే అది పట్టుకొని దగ్గరున్న హైస్కూల్‌కు పో. ఆన్‌లైన్‌ల పేరు పాత బడి కిందనే చూపిస్తున్నదంటే అది హెడ్‌మాస్టర్, ఎంఈవో (మండల విద్యాధికారి) మాట్లాడుకునే పని, నిన్ను తిప్పుకోనియ్యకు.

ఫీజు సంగతి. 2020 ఏప్రిల్ 21న సర్కార్ జీవో 46 అని ఉత్తర్వు తీసింది, ఆ ఏడాది ప్రైవేట్ బళ్ళు ఫీజు పెంచొద్దు, ట్యూషన్ ఫీజు ఒక్కటే తీసుకోవాలె, అది కూడ నెలనెలకు. 2021 జూన్ 28న జీవో 75 ఇచ్చిండ్రు, అదే మాట. బస్సు ఎక్కని పిల్లగానికి బస్సు ఫీజు అడిగే హక్కు వాళ్ళకు లేదు. ఏ పద్దు కింద ఎంతో కాగితం మీద రాసియ్యమను. నోటితోని 28 వేలు అన్నోళ్ళు రాసియ్యమంటే చాలాసార్లు తగ్గుతరు. కొన్ని బళ్ళు తెలివిగ అన్నీ కలిపి ట్యూషన్ ఫీజే అని రాస్తయ్, అందుకని 2019-20ల నువ్వు కట్టిన రసీదు వెతికి పక్కన పెట్టుకో.

ఇంత చెప్పినంక ఇంకో మాట కూడ చెప్పాలె, నీకు నచ్చకపోవచ్చు. న్యాయంగ లెక్కకొచ్చిన ట్యూషన్ ఫీజు ఎంతుంటే అంత, ఐదొందలో వెయ్యో నెలనెలా కట్టు, బడి మారినా కట్టు. ఎందుకో కింది ఉత్తరం చూడు. ఈ రెండూ నాకు ఒకటే దినం వచ్చినయ్, ఒకదానికి జవాబు రాస్తుంటే ఇంకోటి కండ్ల ముంగట మెదిలింది.

ప్రశ్న: మేడం, నేను హన్మకొండల ఒక ప్రైవేట్ స్కూల్ టీచర్‌ను, బీఎస్సీ బీఎడ్, తొమ్మిదేండ్ల సర్వీసు. 2020 మార్చి జీతం సగం ఇచ్చిండ్రు, ఆ తర్వాత ఆన్‌లైన్ చెప్పిన నెలలకు మూడు వేలు, చెప్పని నెలలకు ఏం లేదు. కొన్ని దినాలు ఊర్ల ఉపాధి పనికి పోయిన, తర్వాత మా ఆయనతోని కూరగాయల బండి పెట్టిన. ఒకనాడు నా దగ్గర చదివిన పిల్ల వాళ్ళ అమ్మతోని వచ్చి నన్ను చూసి తల దించుకున్నది, నేను కూడ దించుకున్న. ఇప్పుడు స్కూల్ నుంచి ఫోన్, రమ్మంటున్నరు, జీతం సగమే అంట, ముందు ఇండ్లకు తిరిగి పాత ఫీజులు వసూలు చేసుకరావాలంట. పోవాల్నా? బండి మీదనే ఉండాల్నా?

జవాబు: నీ వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్న బిడ్డా. తల దించుకున్న దగ్గర ఆగిపోయినవ్, నేను కూడ ఆగిన.

కూరగాయలు అమ్ముడు తప్పు పని కాదు అని అందరు నీకు చెప్పే ఉంటరు, నాకు తెల్వదా అని నీకు అనిపించే ఉంటది. సిగ్గు పనిల లేదు, తొమ్మిదేండ్లు చేసిన దానికి చేతిల ఒక కాగితం ముక్క కూడ లేకపోవుట్ల ఉన్నది. అందుకని ఇప్పుడు పోతే కాగితం అడిగి పో. అపాయింట్‌మెంట్ లెటర్, జీతం ఎంత, సగం జీతం ఏ నెల దాక, ఆ తర్వాత ఎంత, బళ్ళు మళ్ళ మూస్తే ఏమిస్తరు. జీతం బ్యాంకుల వెయ్యమను. సర్కార్ 2021 ఏప్రిల్‌ల గుర్తింపు ఉన్న ప్రైవేట్ బళ్ళ టీచర్లకు, సిబ్బందికి నెలకు 2 వేలు, 25 కిలోల సన్నబియ్యం ఇస్తమన్నది కదా, అప్పుడు లిస్టుల పేరున్నోళ్ళకు వచ్చింది, రిజిస్టర్‌ల పేరే లేనోళ్ళు చూసుకుంట ఉన్నరు. నీకొచ్చిందో లేదో రాయలేదు. రాకపోతే ఆ బడి నిన్ను తొమ్మిదేండ్లు ఏ లెక్కల పెట్టుకున్నదో అర్థమైనట్టే.

ఫీజు వసూలుకు పోకు. అది టీచర్ పని కాదు, ఒక్కసారి బాకీ అడిగిన గడపల రేపు పిల్ల చదువు గురించి మాట్లాడలేవు. పిల్లలు బడికి ఎందుకొస్తలేరో కనుక్కొని వస్త, పైసల ముచ్చట ఆఫీసోళ్ళు చూసుకోవాలె అని తేటగ చెప్పు.

టెట్, అదే టీచర్ అర్హత పరీక్ష, పాసై ఉన్నవా? 2017 జూలై తర్వాత మన రాష్ట్రంల 2021 దాక మళ్ళ పెట్టలేదు, ఏడేండ్లకు సర్టిఫికెట్ చెల్లదని మస్తు మంది మూలకు పడేసిండ్రు. 2021 జూన్‌ల కేంద్రం దాన్ని జీవితకాలం చేసింది, 2011 నుంచి పాసైనోళ్ళందరికీ వర్తిస్తది. పెట్టెల ఉంటే తీసి దుమ్ము దులుపు. బండి మాత్రం అప్పుడే అమ్మకు, ఆదివారాలన్న మీ ఆయనతోని నడువనియ్యి, మళ్ళ తాళం పడదని నేనైతే మాటియ్యలేను.

ప్రశ్న: పరకాల వైపు సర్కార్ హైస్కూల్‌ల టీచర్‌ను. రిజిస్టర్‌ల 41 మంది, వస్తున్నది 26. మగపిల్లలు పత్తి ఏరుడుకు తయారైతున్నరు, ఒక పదో తరగతి పిల్లకు సంబంధం చూస్తున్నరట. ఇంటికి పోతే, ఇన్ని దినాలు మీరు ఉత్తగ జీతం తీస్కోలేదా సారూ అన్నరు. మనసు విరిగింది. మేం వర్క్‌షీట్లు పట్టుకొని వాడవాడ తిరిగింది ఎవలకు కనబడదు.

జవాబు: ఆ మాట పడాలె సార్, తప్పదు. నెలకింత అని జీతం వచ్చినోళ్ళం మనం, కైకిలి బందయినోళ్ళు వాళ్ళు, ఆ గడపల నిలబడి వర్క్‌షీట్ల లెక్క చెప్పుకుంటే ఇంకింత ఎగతాళి అయితది. పొద్దంత చేన్ల ఉంటరు, పొద్దుగూకినంక పోండ్రి, ఒక్కరే పోకుండ బడికొస్తున్న పిల్లల్ని ఇద్దర్ని వెంట తీస్కపోండ్రి, దోస్తు పిలిస్తే వచ్చినట్టు సార్ పిలిస్తే రారు. పద్నాలుగేండ్ల లోపు పిల్లగాన్ని కూలికి పెట్టుకునుడు నేరం, గని ఆ మాట అమ్మానాన్నకు కాదు, పెట్టుకునే ఆసామికి చెప్పుండ్రి. మధ్యాహ్న భోజనం మళ్ళ మొదలైందని కూడ చెప్పుండ్రి, అది చిన్న మాట కాదు ఆ ఇండ్లల్ల.

ఆడపిల్ల విషయంల మాత్రం ఆలస్యం చెయ్యొద్దు. పద్దెనిమిది నిండకుంటే ఆడపిల్ల పెండ్లికి సర్కార్ ఇచ్చే కళ్యాణలక్ష్మి 1,00,116 రూపాయలు రావని వాళ్ళ అవ్వకు చెప్పుండ్రి, చట్టం కంటే ముందు ఈ మాట పనిచేస్తది, నేను చూసిన. వినకుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చెయ్యండ్రి, మీ పేరు బయటికి రాదు.

ఇంకా కొన్ని, గబగబా

కరోనా మూడో వేవ్ వస్తదంటున్నరు, పిల్లను పంపాల్నా అని చాలామంది అడిగిండ్రు. రావాల్సిందే అని ఎవరూ బలవంతం చెయ్యొద్దని 2021 ఆగస్టు 31న హైకోర్టు చెప్పింది, అందుకని భయమైతే ఆగుండ్రి, ఎవలేమనరు. నా మనవన్ని మాత్రం పంపుతున్న. పిల్లలకు టీకా 2021 సెప్టెంబర్ దాకైతే రాలె, మనకు వచ్చింది కదా, ఇంట్ల పెద్దోళ్ళు రెండు డోసులు ఏసుకున్నరా లేదా ముందు అది చూసుకోండ్రి.

ఫోన్‌ల ఫ్రీ ఫైర్ గేమ్ ఆడుతున్నడు, ఫోన్ గుంజుకుంటే అన్నం తింటలేడు అని వరంగల్ నుంచి ఒక తల్లి. ఆన్‌లైన్ క్లాస్ అని మనమే చేతిల పెట్టినం అక్కా, వాడు దొంగిలించలేదు. ఒక్కసారే గుంజుకోకు. క్లాస్ బడిల నడుస్తున్నది కాబట్టి ఫోన్‌తోని ఇగ పని లేదు, రీచార్జ్ అయిపోయినంక డేటా లేని ప్యాక్ వెయ్యి, రెండు దినాలు అలుగుతడు.

మా బిడ్డ గురుకులంల ఎనిమిదో తరగతి, అందరి బళ్ళు తెరిచిండ్రు మాది ఎందుకు తెరువలే అని ములుగు నుంచి ఒక తండ్రి. హాస్టళ్ళల్ల అందరు ఒక్కకాడ పడుకుంటరు కాబట్టి హైకోర్టు గురుకులాలను అప్పుడే తెరువొద్దన్నది. ఆర్డర్ వచ్చిన మర్నాడే ఫోన్ చేసి రమ్మంటరు, అప్పుడు ఉరుకులాట అయితది, ట్రంకు పెట్టె ఇప్పుడే కిందికి దించి ఎండకు పెట్టుండ్రి. యూనిఫాం కూడ ఒకసారి ఏసి చూడుండ్రి, అది కుట్టించినప్పటి కంటే పిల్ల జానెడు పెరిగి ఉంటది.