జామచెట్టుకు వచ్చే ఇద్దరు: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

రామచిలుకనూ పెద్ద గబ్బిలాన్నీ పోలుస్తూ నీవు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. ఒకే జామచెట్టుకు పగలు వచ్చేదానినీ రాత్రి వచ్చేదానినీ ఎంచుకోవడం నాకు ఎంతో నచ్చింది. అయితే మొదటి పేరాలోనే చిలుక అందమనీ గబ్బిలం వికారమనీ తేల్చేయడంతో, ఆ తరువాత నీకు చూడడానికి ఏమీ మిగలలేదు.

ముందు రెక్కను చూడు. చిలుక రెక్కలో వేళ్ల ఎముకలు కుదించుకుని ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. గాలిని తోసే పనంతా ఈకలదే. గబ్బిలం రెక్క అచ్చంగా చేయి: బాగా సాగిన నాలుగు వేళ్ల మధ్య పలుచని చర్మం పరుచుకొని ఉంటుంది, బొటనవేలు మాత్రం గోరుతో సహా విడిగా మిగిలి, కొమ్మల మీద పాకడానికీ పండును దగ్గరకు లాక్కోవడానికీ పనికివస్తుంది. సుమారు 120 గ్రాముల పిట్ట, కిలోకు పైగా తూగే పాలిచ్చే జంతువు వేర్వేరు దారుల్లో ఎగరడం నేర్చాయని చెప్పడానికి ఆ బొటనవేలు చాలు. నీవు దానిని ప్రస్తావించనే లేదు.

గబ్బిలానికి చూపు ఆనదన్న వాక్యాన్ని కొట్టివేయి. అరుపు ప్రతిధ్వనితో దారి వెతుక్కునేవి పురుగులు తినే చిన్న గబ్బిలాలు; ఇది తన పెద్ద కళ్లతోనూ వాసనతోనూ పండును కనిపెడుతుంది.

తిండి సంగతిని ఒక్క వాక్యంతో సరిపెట్టావు కానీ, వ్యాసానికి ప్రాణం అక్కడే ఉంది. చిలుక ఒంటికాలితో కాయను పట్టుకొని, వంకర ముక్కుతో గింజను సైతం చిట్లించి తింటుంది. గబ్బిలం గుజ్జును నమిలి, రసం మింగి, పిప్పిని ఉండలా ఉమ్మేస్తుంది. ఒక్కోసారి పండును దూరపు చెట్టుకు మోసుకుపోయి తిని, గింజను అక్కడ జారవిడుస్తుంది. 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి అయిన చిలుక గింజను నమిలేస్తుంటే, ఇంట్లోకి వస్తే అరిష్టమని మనం తరిమేది దానిని నాటుతోంది. చిలుకను తక్కువ చేయమని నేను చెప్పడం లేదు. ఈ తారుమారు చూసినప్పుడల్లా నాకు కలిగే ఆశ్చర్యం నీ పాఠకునికీ కలగాలని కోరుకుంటున్నాను.

మీ చెరువుగట్టు మర్రికి గబ్బిలాలు వేలాడతాయని రాశావు కదా. చిలుకలు గుంపుగా చెట్లకు చేరి, గబ్బిలాలు ఒక్కొక్కటిగా బయలుదేరే మునిమాపువేళ అక్కడ నిలబడు. మరునాడు ఉదయం జామచెట్టు కింద పడిన పిప్పి ఉండను చేత్తో తాకకుండా పుల్లతో కదిపి, అందులో ఏం మిగిలిందో చూడు. రెండవ ప్రతిని అక్కడి నుంచి మొదలుపెట్టి పంపు.

నీ శ్రేయోభిలాషి